గెలిచిన పెంటియం, నిలిచిన ఆథ్లాన్

ఇంటెల్ పెంటియం ఇ5700, ఏఎండీ ఆథ్లాన్-2 ఎక్స్2 250 ఒకే కాలానికి, ఒకే తరగతికి చెందిన చవక డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. ఆథ్లాన్ 2009 జూన్‌లో 87 డాలర్ల ధరతో మార్కెట్లోకి వచ్చింది. పెంటియం 2010 ఆగస్టులో 75 డాలర్లకు వచ్చింది. రెంటిలోనూ రెండేసి కోర్లే. రెంటి వేగమూ 3 గిగాహెర్ట్‌జే. ఆ వేగం వచ్చే లెక్క కూడా ఒకటే: 200 మెగాహెర్ట్జ్‌ను 15తో గుణించాలి. రెండూ 45 నానోమీటర్ల పద్ధతిలో తయారయ్యాయి, రెంటి మీదా 65 వాట్లనే రాసి ఉంటుంది. పెట్టె మీది అంకెలు చూసి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కుదిరే పని కాదు. అయినా కొన్నవాళ్ల దగ్గర ఇవి ఒకేలా పనిచేయలేదు, ఒకేలా ముసలివీ కాలేదు.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి సరస్సు చుట్టుపక్కల మండలాల్లో కంప్యూటర్ అనేది ఇంటికీ దుకాణానికీ అందుబాటులోకి వచ్చింది సరిగ్గా ఇలాంటి చిప్పుల రోజుల్లోనే. అంతకుముందు దాన్ని ఎక్కువగా ప్రభుత్వ కేంద్రాల్లోనే చూసేవారు. 2002లో ఏలూరు ముఖ్యపట్టణంగా ఉన్న అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో మండల కేంద్రాల్లో ఈ-సేవ కేంద్రాలు తెరిచి, వాటిని మహిళా స్వయం సహాయక సంఘాల చేతుల్లో పెట్టారు. 2011 నవంబర్లో మీసేవ మొదలైంది. ఈ రెంటి మధ్య కాలంలో డీటీపీ సెంటర్లు, నెట్ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, రైస్‌మిల్లుల ఆఫీసులు, కైకలూరు, ఆకివీడు వైపు చేపల వ్యాపారుల కమీషన్ ఆఫీసులు అసెంబుల్డ్ సిస్టమ్‌లు కొన్నాయి. 60 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ నుంచి విడిభాగాలు రైల్లో ఏలూరుకో, మరో 50 కిలోమీటర్లు దాటి తాడేపల్లిగూడేనికో వచ్చేవి. కొనేవాళ్లు అడిగింది పెంటియమూ కాదు, ఆథ్లానూ కాదు. ‘డ్యూయల్ కోర్’ అని అడిగేవారు. ఆ మాటకు దుకాణంలో సాధారణంగా ఇంటెల్ అనే అర్థం ఉండేది.

పేర్ల విషయానికొస్తే, రెండూ ఒకప్పుడు రాజ్యమేలినవే. 1993లో పెంటియం అంటే ఇంటెల్ దగ్గరున్న అన్నిటికన్నా మేలైన చిప్. 2006లో కోర్ 2 డ్యుయో వచ్చాక ఆ పేరు కింది మెట్టుకు దిగి చవక రకాలకు మిగిలింది. 1999లో ఇంటెల్‌కు చెమటలు పట్టించిన ఆథ్లాన్‌కూ 2007లో ఏఎండీ సొంత ఫెనమ్ రాకతో అదే గతి పట్టింది. అయితే పేరు దిగినంతగా పనితనం దిగలేదు. ఇ5700 నిజానికి కోర్ 2 డ్యుయో కుటుంబపు చిప్పే. వుల్ఫ్‌డేల్ అనే ఆ డిజైన్‌లోని 3 మెగాబైట్ల క్యాష్‌లో (చిప్పులోనే ఉండే వేగమైన మెమరీలో) ఒక మెగాబైట్‌ను మూసివేసి పెంటియంగా అమ్మారు. ఆథ్లాన్‌లోని రీగర్ అనే డిజైన్ మాత్రం నాలుగు కోర్ల చిప్పులో రెండిటిని మూసేసి చేసినది కాదు. మొదటి నుంచీ రెండు కోర్ల కోసమే గీసిన డిజైన్ అది.

లోపల ఏం తేడా?

పెంటియం చిప్ విస్తీర్ణం 82 చదరపు మిల్లీమీటర్లు, అందులో 22.8 కోట్ల ట్రాన్సిస్టర్లు. ఆథ్లాన్‌లో 23.4 కోట్లు ఉన్నా విస్తీర్ణం 117.5 చదరపు మిల్లీమీటర్లు. ట్రాన్సిస్టర్ల లెక్క దాదాపు సమానమే, వాటిని వాడిన తీరు వేరు. పెంటియంలోని ప్రతి కోరూ ఒక్కో గడియార స్పందనకు నాలుగు ఆదేశాల దాకా అందుకోగలదు. ఆథ్లాన్ కోరు అందుకునేది మూడే. ఇంటెల్ రెండు కోర్లకూ కలిపి 2 మెగాబైట్ల క్యాష్‌ను ఉమ్మడిగా ఉంచింది. ఒక కోరు ఖాళీగా ఉంటే రెండోది మొత్తం వాడుకోవచ్చు. ఏఎండీ పంచి ఇచ్చింది: తలా ఒక మెగాబైట్. కాకపోతే కోరుకు అతి దగ్గరగా ఉండే మొదటి అంచె క్యాష్ మాత్రం ఆథ్లాన్‌లో రెట్టింపు. పెంటియంలో కోరుకు 64 కిలోబైట్లుంటే, ఇందులో 128.

అసలు తేడా ర్యామ్‌కు వెళ్లే దారిలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు, చుట్టూ ఉన్న కాలువలు తెచ్చిన నీరంతా కొల్లేటిలో చేరి, సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి అయినట్టు, పెంటియం నుంచి వచ్చే ప్రతి సమాచారమూ ఫ్రంట్ సైడ్ బస్ అనే ఒకే దారిన బోర్డు మీది నార్త్‌బ్రిడ్జ్ చిప్‌కు వెళ్లాలి. ర్యామ్‌ను చూసుకునేది ఆ నార్త్‌బ్రిడ్జే. 800 మెగాహెర్ట్జ్ బస్‌లో సెకనుకు 6.4 గిగాబైట్లకు మించి పారదు. ఆథ్లాన్‌లో ర్యామ్ కంట్రోలర్ చిప్పులోనే ఉంది. డీడీఆర్3-1066 ర్యాములు రెండు జతగా వేస్తే సెకనుకు 17 గిగాబైట్ల దాకా అందుతుంది. ఇది కాగితం మీది లెక్క. ధర కలిసొస్తుందని అప్పట్లో చాలా సిస్టమ్‌లలో ఒకే ర్యామ్ వేసి ఇచ్చేవారు. ఒక్క ర్యామ్‌తో ఆథ్లాన్ లెక్క సగానికి సగం పడిపోయి సెకనుకు 8.5 గిగాబైట్లకు వస్తుంది. ఏఎండీ కొని ఒకే ర్యామ్ వేయించుకున్నవాళ్లు, తాము డబ్బిచ్చి కొన్న సౌకర్యంలో సగం వాడుకోకుండానే వదిలేసుకున్నారు.

పెంటియం తన ఇరుకుదారి లోటును చాలావరకు మరో తెలివితో పూడ్చుకుంటుంది. తర్వాత ఏ సమాచారం కావాల్సివస్తుందో ముందే అంచనా కట్టి తెచ్చి క్యాష్‌లో ఉంచుతుంది. అందుకే రోజువారీ పనిలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినా మనిషి కంటికి తేడా తెలియదు. పెద్ద ఫైళ్లను కుదించేటప్పుడు, ర్యామ్ మీద భారం పడే పనుల్లో ఆథ్లాన్ కాస్త ముందుంటుంది. ఇంటెల్ ఆదేశాలకు తగ్గట్టు రాసిన ఫొటో, వీడియో సాఫ్ట్‌వేర్లలో పెంటియం ముందుంటుంది.

బోర్డు దగ్గర తేలిన లెక్క

ప్రాసెసర్ ఒక్కటే కొని ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. దానికి తగ్గ మదర్‌బోర్డు కావాలి. ఈ పోలికలో సగం సంగతి అక్కడే ఉంది. ఎల్‌జీఏ 775 సాకెట్ బోర్డులు 2004 నుంచీ వస్తున్నవి కాబట్టి ఇంటెల్ వైపు చవకగా, సులభంగా దొరికేవి. వాటిలో ఎక్కువగా కనిపించినవి జీ31, జీ41 చిప్‌సెట్ల బోర్డులు. జీ31 డీడీఆర్2 ర్యామ్‌తో నడుస్తుంది, 4 గిగాబైట్లు దాటి తీసుకోదు. జీ41 అయితే 8 దాకా తీసుకుంటుంది, కొన్ని బోర్డుల్లో డీడీఆర్3 కూడా పడుతుంది. ఏఎండీ వైపు 760జీ, 780జీ, ఆ తర్వాత 880జీ బోర్డులు ఉండేవి. ఒకే ఆథ్లాన్ చిప్ డీడీఆర్2 బోర్డులోనూ డీడీఆర్3 బోర్డులోనూ పనిచేయడం ఏఎండీ ఇచ్చిన పెద్ద వెసులుబాటు. డీడీఆర్2 తయారీ తగ్గుతూ, దాని ధర డీడీఆర్3ని దాటిపోయిన రోజుల్లో ఈ వెసులుబాటు విలువ అర్థమైంది.

బోర్డులోనే ఉండే గ్రాఫిక్స్‌లో ఏఎండీది స్పష్టమైన పైచేయి. 780జీ బోర్డులోని రేడియన్ హెచ్‌డీ 3200 హెచ్.264 వీడియోను తానే విప్పి చూపించగలదు, ప్రాసెసర్‌కు ఆ బరువు తప్పుతుంది. జీ31, జీ41 గ్రాఫిక్స్‌కు ఆ పని పూర్తిగా చేతకాదు. అయితే తక్కువ ధర 760జీ బోర్డులోని రేడియన్ 3000లోనూ ఈ సౌకర్యం లేదు. ‘ఏఎండీ బోర్డు’ అన్న మాట ఒక్కటే నమ్మి కొన్నవాళ్లకు ఈ తేడా తెలిసే వీలు లేకపోయింది.

ఇంత చెప్పుకున్నా ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో పెంటియాన్ని ఎంచుకోవడమే తెలివైన పని. కారణం చిప్ వేగం కాదు, బోర్డు పోయిన రోజు ఏం జరుగుతుందన్నదే. లంక గ్రామం పక్కన చేపల లెక్కలు రాసుకునే ఆఫీసులో బోర్డు పోతే కైకలూరుకో ఏలూరుకో మోసుకుపోవాలి. అక్కడ 775 బోర్డు, కొత్తదో పాతదో, అదే రోజు దొరికే అవకాశం ఎక్కువ. ఏఎండీ బోర్డయితే విజయవాడ నుంచి వచ్చేదాకా ఆగాలి. సీజన్లో ఐసు వేసిన లారీలు అస్సాం, బెంగాల్ వైపు కదులుతుంటే తూకాల లెక్క రెండు రోజులు ఆగడమంటే మాటలు కాదు.

ఎండ, తేమ, కరెంటు

రెండు చిప్పులకూ ఉష్ణోగ్రత పరిమితి సుమారు 74 డిగ్రీల సెల్సియస్. మే నెలలో గది ఉష్ణోగ్రతే 40 దగ్గర ఉండే చోట, ఆ పరిమితికి చేరడానికి పెద్ద పనేమీ అక్కర్లేదు. ఫ్యాను దుమ్ముతో మూసుకుపోతే చాలు. రైస్‌మిల్లుల పక్కన ఆఫీసుల్లో ఆ దుమ్ముకు ఊకనుసి కూడా తోడవుతుంది. ఇక్కడ హీట్‌సింక్‌ను బోర్డుకు పట్టి ఉంచే తీరు కీలకం. ఇంటెల్ తన హీట్‌సింక్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులు పెట్టింది. వాటిని బోర్డు రంధ్రాల్లోకి నొక్కి బిగించాలి. శుభ్రం చేసేందుకు పదే పదే తీసి పెడితే వాటిలో ఒకటో రెండో పట్టు వదిలేస్తాయి. హీట్‌సింక్ ఒకవైపు లేస్తుంది, సిస్టమ్ దానంతటదే ఆగిపోతుంటుంది. కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పోయిందేమోనని అనుమానించి మార్చినా బాగుపడని కేసుల్లో మొదట చూడాల్సింది ఈ పిన్నుల్నే.

ఆథ్లాన్‌కు లోహపు క్లిప్పు, బిగించడానికి ఒక మీట ఉంటాయి. పట్టు గట్టిది, ఏళ్లు గడిచినా సడలదు. దాని చిక్కు మరో చోట ఉంది. ఏఎండీ చిప్‌కు అడుగున సన్నటి కాళ్లు 938 ఉంటాయి. మధ్యలో పూసిన పేస్టు ఎండిపోయి గట్టిపడితే, హీట్‌సింక్‌ను పైకి లాగినప్పుడు సాకెట్ తాళం వేసే ఉన్నా ప్రాసెసర్ దానికి అతుక్కుని ఊడి వస్తుంది. కాళ్లు వంగుతాయి. కాసేపు సిస్టమ్ నడిపి, పేస్టు వేడెక్కాక ఆపి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీస్తే ఈ ప్రమాదం తప్పుతుంది. వంగిన కాళ్లను ఓపికున్న మెకానిక్ సన్నటి బ్లేడుతో తిన్నగా చేయగలడు. ఇంటెల్‌లో కాళ్లు చిప్‌కు కాక సాకెట్‌లో ఉంటాయి. అవి వంగితే సరిచేయడం చాలా కష్టం, సాధారణంగా బోర్డే మార్చాల్సి వస్తుంది.

కొల్లేటి గాలిలోని తేమ ప్రాసెసర్‌ను ఏమీ చేయదు, ర్యామ్ అంచున ఉండే లోహపు పట్టీల మీద పొరలా పేరుకుంటుంది. సిస్టమ్ ఆన్ అయినా తెర మీద ఏమీ రాదు, బీప్ శబ్దాలు వస్తాయి. ర్యామ్ తీసి, పట్టీలను రబ్బరుతో రుద్ది, తిరిగి పెడితే నడుస్తుంది. వానాకాలంలో ఈ వైద్యం రెండు కంపెనీల సిస్టమ్‌లకూ సమానంగా అవసరమైంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో కరెంటు కోతలు తీవ్రమయ్యాయి, పరిశ్రమలకు పవర్ హాలిడేలు కూడా ప్రకటించారు. అప్పుడు ఏ ప్రాసెసర్ తక్కువ కరెంటు తాగుతుందన్న ప్రశ్న అందరికీ వచ్చింది. పనిలేనప్పుడు ఆథ్లాన్ తన వేగాన్ని 800 మెగాహెర్ట్జ్‌కు, పెంటియం 1,200 మెగాహెర్ట్జ్‌కు తగ్గించుకుంటాయి. కానీ కరెంటు ఖర్చు లెక్కలో ఈ తేడా చాలా చిన్నది. 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ. నిండా చార్జి అయినా అందులో ఉన్నది 84 వాట్-అవర్ల శక్తి. దానిలో పెద్ద వాటాను పాత సీఆర్‌టీ మానిటరే మింగేస్తుంది. మానిటర్‌ను ఎల్‌సీడీకి మార్చినవాళ్లకు కలిసొచ్చిన నిమిషాలు ప్రాసెసర్ మార్చినా రావు.

ఏ పనికి ఏది

శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు రాజ్యమేలాయి. ఈ పనికి రెండు చిప్పులూ ఎక్కువే. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. పాత సాఫ్ట్‌వేర్ ఇబ్బంది లేకుండా నడవాలని ఈ సెంటర్లు ఏళ్ల తరబడి 32 బిట్ల విండోస్‌నే అంటిపెట్టుకున్నాయి. ఆ విండోస్‌కు 4 గిగాబైట్ల ర్యామ్ వేసినా వాడుకునేది మూడుంపావు ప్రాంతమే. జీ31 బోర్డుకు ఉన్న 4 గిగాబైట్ల హద్దు వాళ్లకు ఎప్పుడూ అడ్డు రాలేదు. ట్యాలీతో లెక్కలు రాసే ఆఫీసులదీ అంతే. సిస్టమ్ నెమ్మదించిందంటే దానికి కారణం దాదాపు ఎప్పుడూ హార్డ్‌డిస్క్, లేదంటే వైరస్. ప్రాసెసర్ మీద నింద వేయడం న్యాయం కాదు.

ఏలూరు, తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులకు టర్బో సీ ఒక మెట్టు, ఆ తర్వాత జావా. టర్బో సీకి ఏ ప్రాసెసర్ అయినా చాలు. ఎక్లిప్స్, నెట్‌బీన్స్ తెరిచినప్పుడు మాత్రం 2 గిగాబైట్ల ర్యామ్ చాలక సిస్టమ్ ఆయాసపడేది. ఇక్కడా చిప్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

రెంటి మధ్య నిజమైన గీత పడింది పెళ్లి వీడియోల దగ్గర. గోదావరి జిల్లాల్లో పెళ్లి వీడియో మిక్సింగ్ ఒక పెద్ద వృత్తి. దానికి అందరూ నమ్ముకున్న సాఫ్ట్‌వేర్ ఎడియస్. ఎడియస్ 7వ వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఎస్ఈ3 అనే ఆదేశాల సముదాయం తప్పనిసరి అయింది. ఇంటెల్ దాన్ని 2006లోనే కోర్ 2 చిప్పుల్లో పెట్టింది. ఆ కుటుంబంలోది కాబట్టి పెంటియం ఇ5700లోనూ ఉంది. ఏఎండీ చిప్పుల్లోకి అది 2011లో గానీ రాలేదు. ఆథ్లాన్-2లో లేదు, దానికన్నా ఖరీదైన ఫెనమ్-2లోనూ లేదు. నాలుగు కోర్ల ఫెనమ్ కొన్న స్టూడియో కొత్త ఎడియస్ నడపలేని చోట, దానిలో సగం ధర పెంటియం అర్హత సాధించింది. మిక్సింగ్ పనికి రెండు కోర్లు ఎప్పుడూ చాలవు. పూర్తయిన వీడియోను ఫైలుగా తీయడానికి రాత్రంతా వదిలేయాల్సిందే. అయినా నెమ్మదిగా నడవడం వేరు, అసలు నడవకపోవడం వేరు.

పదేళ్ల తర్వాత

2014 ఏప్రిల్ 8తో విండోస్ ఎక్స్‌పీకి, 2020 జనవరి 14తో విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సహకారం ఆపేసింది. విండోస్ 10 అడిగే ప్రాసెసర్ సౌకర్యాలన్నీ ఈ రెండు చిప్పుల్లోనూ ఉన్నాయి, 64 బిట్ల రకం సహా. కాబట్టి వీటిని పారేయనక్కర్లేకపోయింది. హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచితే కొత్త ఊపిరి వస్తుందని మెకానిక్‌లు చెప్పిన మాట నిజం. ఈ మలి దశలోనే ఆథ్లాన్ పాత బాకీ తీర్చుకుంది.

జీ31, జీ41 బోర్డుల్లో డిస్క్‌ను చూసుకునేది ఐసీహెచ్7 అనే చిప్. ఎస్ఎస్‌డీ పూర్తి సత్తా చూపడానికి కావాల్సిన ఏహెచ్‌సీఐ పద్ధతి అందులో లేదు. పాత ఐడీఈ పద్ధతిలోనే నడపాలి. ఎస్ఎస్‌డీ వేస్తే సిస్టమ్ బాగానే పుంజుకుంటుంది, కానీ ఇచ్చిన డబ్బుకు పూర్తి ఫలం దక్కదు. 780జీ, 760జీ బోర్డులతో వచ్చిన ఎస్‌బీ700, ఎస్‌బీ710 చిప్పుల్లో ఏహెచ్‌సీఐ ఉంది. ర్యామ్ దగ్గరా ఇదే వరస. జీ31కి 4 గిగాబైట్లతో దారి మూసుకుపోయింది. డీడీఆర్3 జీ41 బోర్డులో 4 గిగాబైట్ల ర్యామ్ వేయాలంటే రెండు వైపులా ఎనిమిదేసి చిప్పులున్న పాతరకం ముక్కే కావాలి. ఒకవైపే చిప్పులున్న కొత్తరకాన్ని అది గుర్తించదు. దుకాణంలో మంచిదని తేలిన ర్యామ్ ఇంటికొచ్చాక పనిచేయకపోవడానికి కారణం ఇదే. డీడీఆర్3 ఏఎండీ బోర్డులకు ఈ పేచీ లేదు. చాలా వాటిలో 8 గిగాబైట్లు హాయిగా పడతాయి.

కోర్లు పెంచుకునే దారి రెండు వైపులా ఉంది. 775 బోర్డులో కోర్ 2 క్వాడ్, ఏఎండీ ఏఎం3 సాకెట్ బోర్డులో ఆథ్లాన్-2 ఎక్స్4 వేయవచ్చు. ఈ నాలుగు కోర్ల రకాలు చాలావరకు 95 వాట్లవి. చిన్న బోర్డులు ఆ భారం మోయలేవు కాబట్టి బోర్డు కంపెనీ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితా చూడకుండా కొనడం మంచిది కాదు. మొత్తం మీద 2010లో కొనడానికి పెంటియం, 2020లో ఉంచుకోవడానికి ఆథ్లాన్ మేలైనవని తేలింది. మిక్సింగ్ స్టూడియోలు మాత్రమే ఈ తీర్పుకు మినహాయింపు.

ఇక ముందుకు దారి లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సహకారం 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ చిప్పులు లేవు. దొడ్డిదారిన ఎక్కించినా 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్ఎస్ఈ4.2 ఆదేశాలు ఉండి తీరాలి. అవి రెంటిలోనూ లేవు, బయోస్ మార్చినా రావు. డెబియన్, లినక్స్ మింట్ లాంటి లినక్స్ రకాలు మాత్రం ఇప్పటికీ వీటి మీద నడుస్తాయి. బ్రౌజింగ్, టైపింగ్, పిల్లలకు పైథాన్ నేర్పడం వరకు 4 గిగాబైట్ల ర్యామ్, ఎస్ఎస్‌డీతో పని జరుగుతుంది. పేజ్‌మేకర్ కోసం పాత విండోస్‌తోనే ఉంచుకునే సిస్టమ్‌కు ఇంటర్నెట్ తీగ పీకేయడం క్షేమం. బ్యాంకు పనులు, ఆధార్‌తో ముడిపడిన పనులు దాని మీద చేయకూడదు. అమ్మేసేవారు హార్డ్‌డిస్క్ తీసి దగ్గర పెట్టుకుని, మిగిలినదాన్ని పాత ఇనుముకు కాకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల పరిధిలోకి ప్రాసెసర్, బోర్డు, మానిటర్ అన్నీ వస్తాయి.